తెలుసుకుందాం: మన పెరట్లో చెట్టుకు ఎవరి అనుమతి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి గుంటూరు జిల్లా నుంచి, ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసినది.

"మా పెరట్లో తాతగారు నాటిన వేపచెట్టు ఉన్నది. దాని పక్క గోడ బీటవేసింది. చెట్టు కొట్టిద్దామని నాన్నగారు అంటారు, వద్దని నాయనమ్మ అంటుంది. ఇంతలో పక్కింటి మామయ్యగారు వచ్చి, అనుమతి లేకుండా కొడితే జరిమానా వేస్తారని చెప్పారు. నేల మాది, చెట్టు మాది, నీళ్లు పోసి పెంచింది మేము. మధ్యలో ఎవరి అనుమతి?" అని ఆమె అడిగింది.

ఈ సందేహం పెద్దవాళ్లకు కూడా ఉన్నదే. అందుచేత వివరంగా చెప్పుకుందాం.

ముందు బావి సంగతి చూడండి. మన పెరట్లో బోరు వేస్తే వచ్చే నీరు మన గోడల లోపలే పుట్టినది కాదు. భూమి అడుగున నీటికి సరిహద్దు రాళ్లు లేవు. మనం ఎక్కువ తోడితే పక్కవాళ్ల బావి ఎండుతుంది. చెట్టు కూడా ఇలాంటిదే. దాని మొదలు మన పెరట్లో ఉంటుంది, నీడ వీధిలో పడుతుంది. వేసవిలో దాని ఆకులు వదిలే తేమ నాలుగిళ్లను చల్లబరుస్తుంది. దాని మీద కాకి గూడు కడుతుంది, ఆ గూట్లో కోకిల దొంగతనంగా గుడ్డు పెట్టిపోతుంది. చెట్టు పెంచటానికి ముప్ఫై ఏళ్లు పడితే, కొట్టటానికి ఒక పూట చాలు. తరవాత పొరపాటని తెలిసినా ఆ ముప్ఫై ఏళ్లు తిరిగి రావు. కొట్టేముందు మరొకరు వచ్చి చూడాలనటం అందుకే.

నీటినీ చెట్టునూ ఇలా ఒకే చోట చేర్చిన చట్టం మనకు ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్లకు సంబంధించి ఒక చట్టం వచ్చింది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి అందరూ దాన్ని "వాల్టా" అంటారు. 2014లో రాష్ట్రం రెండయినా, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ చట్టమే నడుస్తున్నది. బోర్ల సంగతీ అందులోనే ఉన్నది, చెట్లు కొట్టే సంగతీ అందులోనే ఉన్నది. సంబంధించిన అధికారి అనుమతి ముందుగా తీసుకోకుండా చెట్టు కొట్టరాదు. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాటివి పంటలాగా పెంచి అమ్ముకునేవి గనక, అలాటి కొన్ని జాతులకు మినహాయింపు ఇచ్చారు. వేప, చింత, మర్రి, రావి లాటివాటికి మాత్రం అడిగి తీరాలి.

ఇది మన దగ్గరే ఉన్న వింత కాదు. ఢిల్లీలో 1994లో చేసిన చట్టం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం 5 సెంటీమీటర్ల మందం ఉండి, మొత్తం ఎత్తు ఒక మీటరుకు తగ్గకపోతే అది ఆ చట్టం ప్రకారం చెట్టే! గొడ్డలితో నరికితేనే నేరమనుకోకండి. చుట్టూ బెరడు ఒలిచినా, మందు పోసి చంపినా, కాల్చినా కొట్టినట్టే లెక్క. బ్రిటన్‌లో కొన్ని పాత పేటలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. అక్కడ పెరట్లో చెట్టు కొట్టదలిస్తే ఆరు వారాల ముందు స్థానిక సంఘానికి తెలియపరచాలి.

అయితే అనుమతి ఎలా అడగాలి? ముందుగా ఒక దరఖాస్తు రాయాలి. చెట్టు ఏ జాతిది, చుట్టుకొలత ఎంత, ఇంటి జాగాలో ఎక్కడ ఉన్నది, ఎందుకు కొట్టాలి అన్న సంగతులు అందులో ఉండాలి. స్థలం తమదేనని చూపే కాగితమూ, చెట్టు ఫోటోలూ జతచేస్తే పని సులువవుతుంది. ఊరినిబట్టి అటవీశాఖ కార్యాలయంలోగాని, పురపాలక సంఘం కార్యాలయంలోగాని ఎక్కడ ఇవ్వాలో కనుక్కోవాలి. అధికారి వచ్చి చెట్టును చూస్తాడు. చెట్టు చచ్చిపోయినా, గాలికి ఒరిగినా, మనుషులకూ ఇంటికీ ప్రమాదంగా ఉన్నా అనుమతికి తగిన కారణం ఉన్నట్టే. ఆకులు రాలి వాకిలి ఊడవలేకపోతున్నామన్నది మాత్రం కారణం కాదు. అనుమతి ఇచ్చినా పని అంతటితో అయిపోదు. కొట్టినవాళ్లు బదులుగా మొక్కలు నాటాలి. కొట్టిన కలపను బండి మీద వేరేచోటికి తీసుకుపోవాలంటే దానికి కూడా పర్మిటు కావలసి ఉంటుంది. చెట్టు కరెంటు తీగల మీదికి ఒరిగితే ఎవరూ దగ్గరికి పోకుండా, వెంటనే విద్యుత్తు శాఖవారికి చెప్పాలి.

ఇక గోడ బీట సంగతి. ఇందులో తమాషా ఒకటి ఉన్నది. వేళ్లు కండలు తిరిగిన వస్తాదులాగా గోడను తోసి పగలగొడతాయని చాలామంది అనుకుంటారు. తేలికైన ప్రహరీని, చప్టాబండలను అవి ఎత్తగలవు, నిజమే. కాని బలమైన పునాది దగ్గర జరిగేది వేరు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పెద్దచెట్టు వేసవిలో ఆ నేలలోని తేమను పీల్చేస్తుంది. నేల కుంగుతుంది, దానితోబాటు పునాది కుంగి గోడ బీటవేస్తుంది. సరే, చెట్టును కొట్టేశామనుకోండి. తేమ పీల్చేవాళ్లు లేరు. కుంగిన నేల మళ్లీ ఉబ్బుతుంది. గోడకు రెండోసారి బీట రావచ్చు! అందుకని చెట్టు కొట్టించేముందు ఇంజనీరుకు గోడ చూపించటం మంచిది. కాలువ కారుతున్నదా, పునాది లోతుగా ఉన్నదా అన్నది ఆయన చూస్తాడు. బీటకు చెట్టే కారణం కాకపోవచ్చు కూడా.

చెట్టు చచ్చిపోయిందని తొందరపడటం మరొక పొరపాటు. 2021లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వేపచెట్లకు తెగులు వచ్చింది. కొమ్మల చివరలు ఎండి, చెట్లు మాడినట్టు కనిపించాయి. ఒక రకం బూజు దానికి కారణం. వేపలు ఇక లేవనుకుని జనం భయపడ్డారు. కాని అలా ఎండిన చెట్లలో ఎన్నో మళ్లీ చిగిర్చాయి. ఆ భయంలో గొడ్డలి పట్టినవాళ్లు, బతికే చెట్టును కొట్టుకున్నారన్నమాట.

చెట్టు బతికి ఉన్నదో లేదో ఎలా తెలుస్తుంది? సన్నకొమ్మ మీద బెరడును గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నది. బెరడు కిందనే పలచని పొర ఒకటి ఉంటుంది. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లనే. మధ్యభాగం పుచ్చి తొర్ర పడినా, ఈ పొరా, దాన్ని అంటిపెట్టుకున్న కలపా బాగుంటే చెట్టు చాలా ఏళ్లు బతుకుతుంది. చుట్టూ బెరడు ఒలిస్తే మాత్రం, ఎంత మహావృక్షమైనా చస్తుంది. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు అందదు మరి.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉన్నది. వయసు ఏడువందల ఏళ్లని చెబుతారు. దానికి చెదలు పట్టి కొమ్మలు విరిగాయి. 2018లో అటవీశాఖవారు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు, సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా చెదలమందు ఎక్కించారు. బలహీనమైన కొమ్మలకు ఆధారాలు కట్టారు. అంత ముసలిచెట్టుకే వైద్యం చేసినప్పుడు, మన పెరటిచెట్టుకు కొమ్మలు కత్తిరించి చూడటం కష్టమా?

అయితే ప్రతి చెట్టునూ ఎలాగైనా నిలపాలని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, వీధివీధినా చెట్లు కూలాయి. కూలే చెట్టు ఇంటిమీద పడితే ప్రాణాలకే ముప్పు. మొదట్లో కుక్కగొడుగులు మొలవటం, కొత్తగా ఒకపక్కకు ఒరగటం, ఒరిగినదానికి ఎదురుపక్క నేల పగిలి లేవటం ప్రమాద సూచనలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా అధికారులకు చెప్పాలి. అప్పుడు చెట్టును తీసెయ్యటమే ధర్మం.

ఉత్తరం రాసిన అమ్మాయి ఇంట్లో నాన్నగారి మాటలోనూ, నాయనమ్మ మాటలోనూ న్యాయం ఉన్నది. ఒకరికి ఇల్లు నిలవాలి, ఒకరికి చెట్టు నిలవాలి. దరఖాస్తు పెట్టటమంటే, ఇద్దరి మాటా విని చూడటానికి మూడోమనిషిని పిలవటమే.

ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఇది. ఒక పురికొస, ఒక టేపు తీసుకోండి. నేల నుంచి 137 సెంటీమీటర్ల ఎత్తున, అంటే దాదాపు పెద్దమనిషి గుండె ఎత్తున, మీ చెట్టు చుట్టూ పురికొస తిప్పి కొలవండి. అటవీశాఖవారు కొలిచేది కూడా ఆ ఎత్తునే. వచ్చిన కొలతను 7తో గుణించి 22తో భాగించండి. చుట్టుకొలత 176 సెంటీమీటర్లయితే మందం 56 సెంటీమీటర్లు అవుతుంది. ఆ లెక్కా, తేదీ, చెట్టు పేరూ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. చెట్టును ఎవరు నాటారో, ఎప్పుడు నాటారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పక్కనే రాయండి. వచ్చే ఏడు ఇదే నెలలో మళ్లీ కొలిచి, ఎంత పెరిగిందో మాకు రాయండి.