రిజిస్ట్రీ ప్రక్షాళనము

గాజువాకనుండి యొక సోదరి యిట్లు వ్రాసినారు: "పిల్లవాని చదువునకై కొన్న కంప్యూటరు మిక్కిలి మందగించినది. తెరపై నొక ప్రకటన వచ్చి, మీ రిజిస్ట్రీలో 1,312 దోషములున్నవి, 2,000 రూపాయలు చెల్లించినచో శుద్ధి చేయుదు మనుచున్నది. చెల్లింపవచ్చునా?"

చెల్లింపవలదు. ఏల వలదో తెలిసికొన్నగాని భయము తీరదు గనుక కొంచెము వివరింతును.

రిజిస్ట్రీ యనగా మైక్రోసాఫ్టువారి విండోసులో నుండు నొక దస్త్రము. 1992నాటి విండోసు 3.1లో చిన్నదిగా మొదలై, విండోసు 95తో విస్తరించినది. ఏ ప్రోగ్రాము ఎచ్చట నున్నది, ఏ రకపు ఫైలును దేనితో తెరువవలెను, తెలుగు కీబోర్డు ఎట్లమర్చబడినది, ఇట్టివన్నియు నందు వ్రాయబడియుండును. ఒక ప్రోగ్రామును తీసివేసిన పిమ్మట దాని పేర కొన్ని పంక్తులు మిగిలిపోవుట నిజమే. ఆ మిగిలినవానినే యీ ప్రకటనకర్తలు దోషములని లెక్కించి పెద్ద అంకెలు చూపుదురు.

1984లో రద్దగువరకు మన గ్రామములలో కరణములుండిరి గదా. కరణముగారి దస్త్రములో నెవరో చనిపోయిన రైతు పేరు నిలిచియున్నంతమాత్రమున, మీ పొలము వివరము చూచుట కాయనకు ఆలస్యమగునా? ఆయన దస్త్రమంతయు చదువడు. సర్వే నంబరునుబట్టి కావలసిన పుటయే తెరచును. విండోసు చేయు పనియు నిట్టిదే. లక్షల పంక్తులలో కొన్ని వందలు తుడిచినను వేగము తెలియునంతగా పెరుగదు. కాని యెవడో తెలియనివాడు చనిపోయినవాని పేరనుకొని బ్రతికియున్నవాని పేరు కొట్టివేసిన నా పొలము గతి యేమి? రిజిస్ట్రీలో నట్టి పొరపాటు జరిగిన యంత్రము తెరచుకొనకనే పోవచ్చును. విండోసును మరల మొదటినుండి యెక్కింపవలసి వచ్చును. ఇట్టి శుద్ధి ప్రోగ్రాముల వాడుకను తాము సమర్థింపమని మైక్రోసాఫ్టువారే తెలిపియున్నారు. ఒకప్పుడు తామే యొకదానిని పంచిపెట్టి, తరువాత మానుకొనిరి.

పేరుగలదియైనను నిశ్చింతగా నుండరాదు. 2017లో సీక్లీనరు అను ప్రసిద్ధ ప్రోగ్రాములో దొంగలు హానికరమగు భాగమును చొప్పింపగా, అది 20 లక్షలకు పైగా యంత్రములకు చేరెను. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు, లేని దోషములు చూపి వృద్ధులను భయపెట్టి మరమ్మతులు అమ్మిరని రెస్టోరో, రీఇమేజ్ అను సంస్థలపై అభియోగము తేగా, ఆ సంస్థలు 2 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నవి.

మరి యంత్రమేల మందగించును? మన పట్టణమున నైతే మొట్టమొదట ధూళిని అనుమానింపవలెను. రేవులో బొగ్గును, ఇనుపఖనిజమును ఎక్కించుచు దింపుచుందురు గనుక పాతపట్టణపు ఇండ్లలో నేల తుడిచిన గుడ్డ నల్లనగుట సోదరీమణులకు క్రొత్త గాదు. ఆ ధూళియే యంత్రపు పంకాలో, గాలిరంధ్రములలో చేరును. లోపల వేడి హెచ్చగా ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. యంత్రము నాపి, తీగ ఊడదీసి, పొడి కుంచెతో రంధ్రములను మెల్లగా తుడువుడు. తడిగుడ్డ పనికిరాదు.

అటుపిమ్మట కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును కలిపి నొక్కిన టాస్కు మేనేజరు వచ్చును. అందలి స్టార్టప్ పుటలో, యంత్రము తెరువగనే తమంత తాము లేచు ప్రోగ్రాములు కనబడును. అక్కరలేనివానిని ఆపవచ్చును, రక్షణకు సంబంధించినవానిని, పేరు తెలియనివానిని ముట్టవలదు. డిస్కు నిండియున్నచో పాత సినిమాలను వేరొకచోటికి మార్చుడు. యంత్రము పాతదై, తిరుగుడు హార్డ్ డిస్కు గలదైనచో దానికి బదులు ఎస్.ఎస్.డి. వేయించుటవలన కలుగు మార్పు మిగిలినవాని కన్నిటికంటె గొప్పది. ఆ 2,000 రూపాయలు దీనికై దాచుకొనుట మేలు.

ఇక నా ప్రకటన సంగతి. అందలి ఫోను నంబరునకు పలుకరాదు. దూరమునుండి మీ యంత్రమును నడుపుటకు ప్రోగ్రాము నెక్కింపుమని యెవరడిగినను ఎక్కింపరాదు. మీవారి బ్యాంకు ఖాతాయు నా యంత్రముననే తెరువబడుచుండును గదా. ప్రకటన మూతపడకున్న టాస్కు మేనేజరులో బ్రౌజరు పేరు నెన్నుకొని, ఎండ్ టాస్క్ అను దానిని నొక్కుడు. ఇప్పటికే ధనము పోయియున్నచో ఎవరేమందురో యని దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపుడు.