విహారిక: మంచుబాటలో చేతికర్ర

శీతకాలం సమీపిస్తున్నదనగానే మన కార్యాలయాలలో ఎల్.టి.సి. దరఖాస్తులు ఊపందుకుంటాయి. పుణ్యక్షేత్రాలకు, సముద్రతీరాలకు బయలుదేరేవారు కొందరైతే, మంచుకొండలను కళ్ళారా చూడాలని కాశ్మీరులోని గుల్‌మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో ప్రయాణమయ్యే కుటుంబాలు మరికొన్ని. అక్కడికి చేరాక స్కీయింగ్ నేర్చుకుంటామని పిల్లలు పట్టుబట్టక మానరు. పెద్దలకూ ఉత్సాహం కలగక మానదు. బూట్ల విషయంలో, స్కీల విషయంలో అందరూ నాలుగు ప్రశ్నలు వేస్తారు. కర్రల విషయంలో మాత్రం అద్దె దుకాణంలో చేతికందించిన జతనే పుచ్చుకుని బయలుదేరుతారు. అందుచేత ఈ నెల స్కీ కర్రల ఎంపికను గురించి ముచ్చటించదలచాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. కొండవాలు మీద జారేవారి చేతిలోని కర్ర ఊతకర్ర కాదు. దాని మీద బరువు మోపి ఆగుదామనుకోవడం ప్రమాదకరం. వేగాన్ని అదుపు చేసేవి కాళ్ళకున్న స్కీలే. మలుపు తిరగబోయే ముందు కర్ర మొనను మంచుకు తేలికగా తాకిస్తే శరీరానికి ఒక లయ, సమతూకం కుదురుతాయి. చదునైన చోట తోసుకుంటూ సాగడానికి, పడినప్పుడు లేవడానికి కూడా అది ఉపకరిస్తుంది.

ఈ కర్రల చరిత్ర సైతం ఆసక్తికరమైనదే. ఆల్ప్స్ వాలులకు అనువైన పద్ధతిని తొలినాళ్ళలో బోధించిన ఆస్ట్రియా దేశీయుడు మథియాస్ జ్డార్‌స్కీ ఒకే ఒక పొడవాటి కర్రను వాడేవాడు. కాలక్రమాన రెండు కర్రల పద్ధతి స్థిరపడింది. చాలాకాలం వెదురు కర్రలు, పిదప ఉక్కు గొట్టాలు వాడుకలో ఉండేవి. అమెరికాలోని సన్ వ్యాలీకి చెందిన ఎడ్ స్కాట్ 1958లో తేలికైన అల్యూమినియం కర్రను రూపొందించిన తరువాత అవి క్రమంగా మూలపడ్డాయి.

ఇక పొడవు సంగతి. ఎంపికలో అతి ముఖ్యమైనది ఇదే. వీలైతే స్కీ బూట్లు తొడుక్కునే చదునైన నేల మీద నిటారుగా నిలబడాలి. కర్రను తలక్రిందులు చేసి, పిడిని నేలకు ఆనించి, మొన దగ్గర ఉండే బాస్కెట్ అనే బిళ్ళకు సరిగ్గా దిగువన పట్టుకోవాలి. అప్పుడు మోచేయి లంబకోణంలో వంగి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉంటే ఆ కర్ర మీకు తగినదే. బాస్కెట్‌కు అవతలి మొన భాగం మంచులో దిగబడుతుంది గనుక, దానిని కొలతలోంచి మినహాయించడానికే ఈ తలక్రిందుల ఏర్పాటు.

మరొక సుళువు లెక్క కూడా ఉన్నది. మన ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.7తో గుణించాలి. 170 సెం.మీ. ఎత్తున్నవారికి 119 వస్తుంది; అంటే 120 సెం.మీ. కర్ర సరిపోతుంది. 155 సెం.మీ. ఉన్నవారికి 110 చాలును. కర్రలు సాధారణంగా 5 సెం.మీ. తేడాతో లభిస్తాయి. రెండు కొలతల నడుమ సందేహం కలిగితే పొట్టిదానిని ఎంచుకోవడం మేలు. కర్ర మరీ పొడవైతే చేతులు పైకి లేచి, శరీరం వెనుకకు వాలి, స్కీలు మాట వినవు. మరీ పొట్టిదైతే నడుము వంగిపోతుంది. చదునైన నేల మీద దూరప్రయాణానికి వాడే క్రాస్ కంట్రీ కర్రలు వీటికన్నా చాలా పొడవు. ఒకదానికి బదులు మరొకటి తీసుకోరాదు. చిన్నపిల్లలకు తొలిపాఠాలు కర్రలు లేకుండానే నేర్పడం పరిపాటి.

కొనదలచినవారికి అల్యూమినియం, కార్బన్ ఫైబర్ అని ముఖ్యంగా రెండు రకాలున్నవి. కార్బన్ తేలికైనది, చేతికి అదురు తక్కువ. కాని వెల ఎక్కువ, గట్టి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది గాని అంత సులభంగా విరగదు. నేర్చుకునేవారికి ఇదే చాలును. చదును చేసిన బాటకు చిన్న బాస్కెట్, మెత్తని లోతైన మంచుకు పెద్ద బాస్కెట్ అనుకూలం. వేగపు పోటీలలో కనిపించే వంపు కర్రలు గాలి ఒరిపిడిని తగ్గించడానికి ఉద్దేశించినవి. మనకు వాటితో పని లేదు.

అద్దెకు తీసుకునేటప్పుడు రెండు కర్రలూ ఒకే పొడవు ఉన్నవా, వంకర లేకుండా ఉన్నవా, బాస్కెట్ ఊడిపోకుండా బిగువుగా ఉన్నదా, చేతితొడుగు వేసుకున్నా పిడి పట్టు చిక్కుతున్నదా అని చూసుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్త వహింపవలసినది పిడికి ఉండే పట్టీ విషయంలో. చేతిలో కర్రతోనే పడినప్పుడు బొటనవేలు పక్కకు విరుచుకుపోయి, దాని మొదట్లోని లోపలివైపు స్నాయువు తెగే అవకాశమున్నది. ఈ గాయానికి వైద్యులు ‘స్కీయర్స్ థంబ్’ అనే పేరే పెట్టారు. పూర్తిగా తెగితే శస్త్రచికిత్స అవసరం కావచ్చును. స్పానర్ తిప్పే ఫిట్టరుకైనా, కలం పట్టే గుమాస్తాకైనా, కత్తిపీట ముందు కూర్చునే ఇల్లాలికైనా బొటనవేలు లేనిదే రోజు గడవదు గదా! కనుక పడుతున్నామని తోచిన మరుక్షణం కర్రను వదలివేయడం అలవాటు చేసుకోవాలి. గట్టిగా లాగితే ఊడివచ్చే పట్టీలున్న కర్రలు దొరికితే వాటినే ఎంచుకోవాలి. చెట్ల నడుమ సాగేటప్పుడు, లిఫ్టు ఎక్కేటప్పుడు పట్టీలోంచి చేతిని తప్పక తీసివేయాలి. బొటనవేలి మొదట్లో వాపు, నొప్పి తగ్గకపోతే ‘బెణుకేలే’ అని ఊరుకోక ఎముకల వైద్యుని సంప్రదించాలి.

మంచు ఎరుగని ప్రాంతాల వారికి ఇది మనది కాని ఆట అనిపించవచ్చును. కాని మన దేశం నుండి 1964లోనే జెరెమీ బుజకోవ్‌స్కీ శీతకాల ఒలింపిక్స్ స్కీ పోటీలలో పాల్గొన్నాడు. కాశ్మీరు యువకుడు ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగ్‌లో జయంట్ స్లాలమ్ పూర్తిచేసి 45వ స్థానంలో నిలిచాడు. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ సైతం ఉన్నది.

పనిముట్టు చేతికి అమరితేనే పని చక్కబడుతుందన్నది కర్మాగారంలో మనమందరం ఎరిగిన సంగతే. మంచుకొండ మీదా అదే సూత్రం. ఈ ఏడు ప్రయాణం తలపెట్టిన మిత్రులు అద్దె దుకాణంలో ఒక్క నిమిషం ఆగి, కర్రను తలక్రిందులు చేసి, తమ మోచేతిని ఒకమారు చూసుకోవలసిందిగా మనవి. క్షేమంగా వెళ్ళి, హాయిగా జారి, బొటనవేళ్ళు భద్రంగా తిరిగి వచ్చి విధులలో చేరాలని ఆకాంక్షిస్తున్నాము.