కూలిచీటి, బడి యక్షరము

2011 జనాభా లెక్కలలో కర్ణాటక అక్షరాస్యత నూటికి 75 దాటగా, మన రాయచూరు జిల్లాది 60 కైనను చేరలేదు. ముదగల్లు తెలుగు వర్తకులమైన మనకు ఇందు బాధ్యత లేదనరాదు.

14 ఏండ్లు నిండని బిడ్డను కూలికి పెట్టుకొనరాదని 2016 నాటి చట్టసవరణ శాసించినది. చట్టమునకు వెరచి బాలుని అంగడినుండి పంపివేయుట సులభమే. వాడు బడి చేరెనా యని విచారించుట మన పని కాదా?

లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనన్న 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలకే గాని మన చిల్లర అంగళ్లకు వర్తింపదు. హమాలీ కూలిచీటిని గొలుసుకట్టున గాక, విడియక్షరములతో కన్నడమున వ్రాసి యిచ్చుటకు చట్టమెందుకు? తండ్రికి చదువు రాకున్నను బిడ్డ చదివి లెక్క చెప్పును. (అట్టి తనిఖీ మనలో కొందరికి రుచింపదేమో!) తెలుగు ఇంట నేర్పుకొందము, కూలివాని బిడ్డకు ముందు కావలసినది ఊరి బడి యక్షరమే.

జూన్‌లో బడులు తెరచులోగా ప్రతి అంగడివారును తమ హమాలీల పిల్లలలో బడి మానినవారెందరో సంఘమునకు తెలుపవలెనని మా కోరిక.