చెవి ముందు నొప్పా? మాత్ర మింగే ముందు...

ఆవులిస్తే చెవి పక్కన టక్‌మని చప్పుడు. అన్నం నమిలితే కణత దాకా లాగేసే నొప్పి. చెవిపోటని కొందరు చుక్కలు వేసుకుంటారు, పిప్పిపన్నని కొందరు ఉన్న పన్ను పీకించుకుంటారు. నొప్పి మాత్రం పోదు. తేడా ఉన్నది దవడ కీలులో, దాన్ని ఆడించే కండరాల్లో మరి!

ఈ కీలులో రెండు ఎముకల మధ్య మెత్తటి పలక ఒకటి ఉంటుంది. అది పక్కకు జరిగితే చప్పుడు వస్తుంది. ఇరుక్కుంటే నోరు సగమే తెరుచుకుంటుంది. నిద్రలో పళ్లు కొరకడం, మానసిక ఒత్తిడి, దెబ్బ తగలడం, కీళ్లవాతం దీనికి దారితీస్తాయి. పైపళ్లు, కిందిపళ్లు సరిగా కలవకపోవడమే మూలమని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఇప్పుడా నమ్మకం సడలింది. కాబట్టి మంచి పళ్లను అరగదీయించుకోవడానికి తొందరపడొద్దు. నొప్పిలేని ఉత్త చప్పుడుకైతే వైద్యమే అక్కర్లేదు.

మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. చాలామందికి చేత్తో నొక్కి చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది. ఎముక కోసం ఎక్స్‌రే, పలక కోసం ఎమ్మారై కొందరికే అవసరం. గుట్కా, వక్క నమిలేవారికి నోరు తెరుచుకోకపోతే బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయిందేమో చూడాలి. అది క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అడ్డచుట్ట కాల్చే పెద్దవాళ్లు అంగిలి కూడా చూపించుకోవాలి.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వాసులకు అసలు ప్రమాదం నొప్పి మాత్రలతోనే. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తప్రసారం తగ్గిస్తాయన్నది తేలిన విషయం. ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోయినవారికి ముప్పు మరీ ఎక్కువ. దవడ నొప్పి వారాల తరబడి ఉంటుంది. మందుల షాపులో అడిగి రోజూ మింగితే ఏమవుతుంది? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అక్కడికి వెళ్లే అవసరాన్ని కొనితెచ్చుకోవడమెందుకు! క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఆ చీటీ పళ్ల డాక్టరుకూ చూపించండి. నొప్పికి ఏ మందు, ఎంత మోతాదులో వాడాలో ఆయన్నే అడగండి.

కొన్నాళ్లు మెత్తటి అన్నం తినాలి. కొబ్బరి చెక్క, చెరకు ముక్క మానాలి. వేడి కాపడం పెట్టాలి. పెదవులు మూసినా పళ్లు ఆనకుండా ఉంచాలి. ఎక్కువమందికి ఇంతతోనే తగ్గుతుంది.

నమలకపోయినా దవడ లాగుతూ, ఛాతీ బరువెక్కి, చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.