ముసురులో మేక ఎందుకు చస్తుంది?

"మొక్కు బాకీ ఉండాది నా, అందుకే జీవాలు పోతాండాయి."

పుంగనూరు పక్క పల్లెల్లో ముసురు పట్టినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉన్నాను. మూడు రోజులు చినుకు తెగదు, ఈశాన్యపు గాలి ఆగదు. నాలుగో రోజు తెల్లవారేసరికి దొడ్డిలో రెండు మేకపిల్లలు బిగుసుకుపోయి ఉంటాయి. కారణం వెతకడానికి ఎవరూ దొడ్డిలోకి పోరు. పోయినేడు గంగమ్మకు ఒప్పుకున్న పోతు ఇవ్వలేదని ఇంట్లో అందరికీ గుర్తొస్తుంది. అంతటితో విచారణ ముగిసిపోతుంది.

నాలుగు మేకలున్న ఆడమనిషికి అవి చేతి డబ్బు. పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, పండగ చీర అన్నీ అందులోనుంచే రావాలి. ఆమె దుఃఖం నిజం. ఆ దుఃఖానికి చెప్పిన కారణం మాత్రం నిజం కాదు. దానివల్ల వచ్చే ఏడాది కూడా పిల్లలు చస్తాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉన్నాయి. 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండూస్ తీరం దాటింది తమిళ గడ్డ మీదే అయినా, అలాంటి తుపాన్లు వచ్చినప్పుడు ముసురు మన మెట్ట దాకా పాకుతుంది. అయినా మన చలి ఒక్కటే మేకను చంపేంత చలి కాదు. మేక ఒంటి వేడి మామూలుగానే 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. తిన్న మేత పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. కడుపు నిండా ఎండుమేత, ఒంటి మీద పొడి వెంట్రుక ఉంటే డిసెంబరు రాత్రిని మేక తేలిగ్గా దాటేస్తుంది. వెంట్రుకల మధ్య నిలిచే గాలే దానికి కంబళి. తడిస్తే వెంట్రుకలు ఒంటికి అతుక్కుపోయి ఆ కంబళి ఊడిపోతుంది. మీద గాలి కొడితే వేడి గంటల్లో హరించుకుపోతుంది. అప్పుడే ఈనిన పిల్ల సంగతి ఇంకా కష్టం. రెండు కిలోలైనా లేని ఒళ్లు, పుట్టడమే తడితో పుడుతుంది. కింద బురద నేల.

దాని మీద మనం ఇంకో దెబ్బ వేస్తాం. మాయ పడేదాకా పిల్లకు జున్నుపాలు తాపకూడదంటారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇది ప్రేమతోనే చెప్పారు, కానీ తప్పు చెప్పారు. పిల్లకు వేడి పుట్టించే మొదటి ఆహారం ఆ పాలే. రోగాన్ని తట్టుకునే శక్తి తల్లి నుంచి పిల్లకు చేరేది కూడా ఆ పాలలోనే. ఆ శక్తిని ఒంట పట్టించుకునే గుణం పిల్ల పేగుకు మొదటి రోజే ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పైగా పిల్ల చీకినప్పుడు తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగా పడటానికి సాయపడుతుంది. మాయ కోసం పాలు ఆపడమంటే మాయను ఇంకా ఆలస్యం చేసుకోవడమే.

చలి అనగానే కొందరు పాకను నాలుగు వైపులా సందు లేకుండా మూసేసి లోపల వేపాకు పొగ వేస్తారు, దిష్టి కూడా పోతుందని. ఆరుబయట కాసేపు వేసిన పొగ దోమలను తోలుతుంది, నిజమే. మూసిన పాకలో అదే పొగ ఊపిరితిత్తులను కాల్చుతుంది. ఉచ్చ, పెంటికల నుంచి లేచే ఘాటైన అమ్మోనియా కూడా అక్కడే నిలిచిపోతుంది. బాగున్న మేక గొంతులో కూడా ఉండే క్రిములు అదను చూసి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, న్యుమోనియా వస్తుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు వైద్యం చేశారు. మందులు లేని ఆ కాలంలో మంచి గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి మీదే ఆ వైద్యం నడిచింది. మనిషి రొమ్ముకు గాలి ఆడాలని వందేళ్ల కిందటే తెలిసిన ఊరు మనది. మేక రొమ్ముకు వేరే న్యాయం లేదు.

ఇక మొక్కు దగ్గరికి వస్తాను. "మొక్కు తీర్చినాక మందలో చావులు ఆగిపోయినాయి కదా?" అని అడుగుతారు. ఆగిపోయాయి. పీపీఆర్, మన పల్లెల్లో పారుడు రోగం అంటారు, మందలో పడితే ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, పారుకుంటూ చస్తాయి. చచ్చేవి చచ్చాక మిగిలినవాటికి ఆ వైరస్‌ను తట్టుకునే శక్తి వస్తుంది. కొత్తగా సోకడానికి జీవం దొరకక రోగం కొన్ని వారాల్లో తనంతట తానే చల్లారుతుంది. మొక్కు తీర్చేది సరిగ్గా ఆ సమయంలోనే. పోతును ఇవ్వకపోయినా రోగం ఆ వారానికే తగ్గేది. మొక్కు తీర్చాక కూడా చస్తే మాత్రం మొక్కును ఎవరూ తప్పు పట్టరు, పూజలో లోపం జరిగిందంటారు. గెలిచినా తనదే, ఓడినా తనది కాదనే నమ్మకాన్ని పరీక్షించడం ఎలా? పక్క పల్లెలో మొక్కని మంద సంగతి కనుక్కుంటే తెలుస్తుంది. ఆ పని చేసినవాళ్లను నేను చూడలేదు.

గుడి ఆవరణలో జంతుబలి కూడదని చట్టం 1950లోనే వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, నలుమూలల నుంచి జీవాలను ఒకచోటికి తోలితే ఒక మంద రోగం పది మందలకు అంటుతుంది. అలాగే రొప్పుతున్న మేక డొక్క మీద ఇనుము కాల్చి వాత పెట్టడం శుద్ధ క్రూరత్వం. నొప్పితో అది మేత మానేస్తుంది, మేత లేక వేడి పోతుంది.

మన పెద్దల తెలివిలో నిలిచేది కూడా ఉంది. పిల్లలను గంప కింద వేసి గోనెపట్టా కప్పడం, ఎండు చెనక్కాయ చెత్త పరవడం, గాలి తగలని బండ చాటున మందను ఆపడం, ఇవన్నీ పరీక్షకు నిలిచిన పద్ధతులు. వీటిని వదలొద్దు.

అక్కా, అన్నా, ఈసారి ముసురు రాకముందే దొడ్డిలోకి ఒకసారి దిగండి. నేల ఎత్తు చేసి నీళ్లు పారే వాలు పెట్టండి. చేతనైతే మూరెడు, రెండు మూరల ఎత్తున పలకల మంచె కట్టండి. ఈశాన్యం వైపు మేక ఎత్తు వరకే పట్టా కట్టి, కప్పు కింద గాలిపోయే సందు ఉంచండి. పిల్ల నేల మీద పడగానే పొడి గుడ్డతో తుడిచి గంట లోపల పొదుగు అందించండి. ఒక మొక్కు పోతు ధరలో ఈ పట్టాలన్నీ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది. పారుడు రోగానికి పశువుల ఆసుపత్రిలో టీకా ఉంది. ఒక్కసారి వేయిస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది.