కిటికీలోని తీగ

కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలంలో శకుంతల ఒక నవమాలికా లతకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంటుంది. అత్తవారింటికి బయలుదేరిన వేళ దానిని సోదరిగా భావించి వీడ్కోలు పలుకుతుంది. మొక్కలకు నీరు పోయనిదే ఆమె తాను నీరు ముట్టేది కాదని కణ్వమహర్షి తపోవన వృక్షాలతో చెబుతాడు. ఆ లత వల్ల ఆమెకు కలిగిన లాభమేమిటని ఏ సహృదయుడూ ప్రశ్నించడు.

నేటి మానవుడు మాత్రం ఆ ప్రశ్న వేయకుండా మొక్కను ఇంటికి తెచ్చుకోవడం లేదు. మనీప్లాంటు ఇంట ఉంటే సిరి కలుగుతుందని కొందరి విశ్వాసం. కుండీలోని మొక్క గదిలోని గాలిని శుద్ధి చేస్తుందని మరికొందరి వాదం. ఈ వాదానికి 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెలలో జరిపిన ప్రయోగాలు ఆధారమయ్యాయి. ఇల్లు మూసిన పెట్టె కాదు. కిటికీలు, తలుపుల గుండా వచ్చిపోయే గాలితో సమానంగా మొక్కలు శుద్ధి చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని 2019లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. అట్లైతే ఇంట్లో మనుషులకు చోటుండదు.

లాభం మాట తొలగిపోయినంత మాత్రాన మొక్క విలువ తగ్గదు. దానిని పెంచేవారిలో కలిగే శ్రద్ధయే దాని అసలు ఫలం. ట్రాడెస్కాంషియా జీబ్రినా అనే వేలాడే తీగ ఇందుకు చక్కని ఉదాహరణ. మెక్సికో నుండి కొలంబియా వరకు గల ప్రాంతం దాని పుట్టిల్లు. ఆకు పైభాగాన వెండి చారలు, అడుగున ఊదా రంగు ఉంటాయి. మూడు రేకుల చిన్న పువ్వు పూస్తుంది.

ఈ తీగకు మాటలు రావు గాని, తన అవస్థను దాచుకోదు. వెలుతురు చాలకపోతే చారలు వెలవెలబోతాయి. కణుపుల మధ్య దూరం పెరిగి కాడ బక్కచిక్కుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు మాడిపోతాయి. అతిగా నీరు పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. కాబట్టి కుండీ అడుగున రంధ్రం ఉండాలి. వేలితో తాకి, పైమట్టి ఆరిన తరువాతనే నీరు పోయాలి. మొదలు బోసిపోయినప్పుడు కొనలను కత్తిరించి, కణుపు మునిగేటట్లు నీటిలో ఉంచితే ఒకటి రెండు వారాలలో వేళ్లు పుడతాయి. వాటిని అదే కుండీలో నాటితే తీగ మళ్లీ గుబురుగా పెరుగుతుంది.

ఇంత తేలికగా బ్రతకడమే దాని వల్ల కలిగే ముప్పు కూడా. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో ఇది తోటలు దాటి అడవులలో అల్లుకొని స్థానిక మొక్కలను అణచివేస్తున్నది. అందువల్ల కత్తిరించిన ముక్కలను చెరువుగట్ల మీద, కాలువలలో పారవేయడం తగదు. పెంచేవారి బాధ్యత కుండీ అంచుతో ముగియదు.

చదువుల ఒత్తిడిలో మొక్కలకు తీరిక ఎక్కడిదని విద్యార్థులు అడగవచ్చు. ఈ తీగకు రోజూ నీరు అక్కరలేదు. రోజూ ఒక చూపు చాలు. అయితే చాలాకాలం మరచి, ఒకనాడు బిందెడు నీరు కుమ్మరిస్తే ఆ లోటు తీరదు. పరీక్ష ముందటి రాత్రి చదివే చదువు వంటిదే ఆ నీరు కూడా. క్రమం తప్పని కొద్దిపాటి శ్రద్ధ చేసే మేలును ఒక్కనాటి ఆర్భాటం చేయలేదు.

ఈ తీగ పువ్వు ఒక్క రోజుకు మించి నిలవదు. సిరి కోసం, గాలి కోసం తెచ్చి మూలన పెట్టినవారికి అది పూసినట్లే తెలియదు. నిత్యం చూసేవారికి మాత్రమే ఆ ఉదయం దక్కుతుంది.