పరీక్షల వారంలో సూదిమందు

పరీక్షల వారంలో హెల్త్ క్యాంపు పెట్టే ఆచారం మన కాలేజీలో ఎవరు మొదలుపెట్టారోగాని, దాన్ని మాన్పించవలసిన బాధ్యత మాత్రం మన యూనియన్‌దేనని నా అభిప్రాయం. "ఆ వారమైతే పిల్లలంతా దొరుకుతారయ్యా" అన్నారు మా లెక్చరరుగారొకరు. దొరుకుతాం, నిజమే. ఏ స్థితిలో దొరుకుతాం? రాత్రి రెండింటిదాకా నోట్సు, తెల్లవారుజామున నాలుగింటికి అలారం, మధ్యలో టీ, సిగరెట్టు, మెస్సుకు పోయే తీరిక లేక రెండు బన్నులు. అలాంటి ఒంటికి హెపటైటిస్ బి టీకా వేసి పంపిస్తున్నాం.

రక్షణంతా సీసాలోనే ఉందని మనలో చాలామంది అనుకుంటారు. సీసాలో ఉన్నది శత్రువు ఆనవాలు మాత్రమే. దాన్ని గుర్తుపట్టి ఆయుధాలు తయారుచేసుకోవలసింది మన ఒళ్ళే గదా!

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వారు 48 మంది వైద్య విద్యార్థులకు ఇదే టీకాను సరిగ్గా పరీక్షల చివరిరోజున వేసి, 1992లో ఫలితాలు ప్రకటించారు. మొదటి సూదికే రక్తంలో యాంటీబాడీలు కనిపించినవారు నాలుగోవంతు మందే. వాళ్ళు మిగతావారికన్నా తక్కువ ఆందోళన పడినవాళ్ళు. అయినవాళ్ళ అండ ఎక్కువగా ఉన్నవారిలో మూడో సూదినాటికి ఫలితం మరింత బలంగా కనిపించింది. మంచి రూమ్మేటు కూడా సగం మందేనన్నమాట.

2002లో చికాగో యూనివర్సిటీ వారు నిద్ర సంగతి తేల్చారు. రోజుకు 4 గంటలే పడుకోనిచ్చిన కుర్రాళ్ళకు ఫ్లూ టీకా వేస్తే, పదిరోజుల తర్వాత వాళ్ళలో యాంటీబాడీలు మామూలుగా నిద్రపోయినవారిలో సగం కూడా లేవు.

"అయితే ఇంకేం, మనకు టీకా దండగ" అని మా రూములో ఒకడు తీర్మానించేశాడు. అక్కడే వాడితో నాకు పేచీ. ఆ కుర్రాళ్ళే తర్వాత కంటినిండా నిద్రపోయాక, మూడు నాలుగు వారాలకు ఆ తేడా పోయింది. హెపటైటిస్ బి మూడు సూదులూ పూర్తిచేసిన ఆరోగ్యవంతులైన యువకుల్లో నూటికి తొంభైమందికి పైగా రక్షణ వస్తుంది. పొగతాగేవారిలో, ఒళ్ళు బాగా పెరిగినవారిలో కొంత తగ్గుతుందన్నమాట నిజమే. వాళ్ళకు మూడు సూదులూ తప్పకూడదని చెప్పాలిగాని, మానెయ్యమని కాదు. వేరే దారి లేకపోతే పరీక్షల వారంలోనైనా సరే, వేయించుకోవలసిందే.

"అలవాట్లు మార్చుకోండి" అని ఉపన్యాసాలిచ్చే పెద్దలకూ ఒక మాట చెప్పాలి. పాశ్చాత్య దేశాల్లో పిల్లలకు మూడుసార్లు వేస్తే చాలిన పోలియో చుక్కలు మన పిల్లలకు చాలడం లేదని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1970లలోనే చూపించారు. ఉత్తరప్రదేశ్, బీహారుల్లో ఎన్నోసార్లు చుక్కలు వేసినా కొందరు పిల్లలకు జబ్బు వచ్చింది. కిక్కిరిసిన బస్తీ, మురుగునీరు, ఆగని విరేచనాలు – ఇవి ఆ పసివాడి అలవాట్లా? అయినా చుక్కలు ఆపలేదు. మందును మెరుగుపరిచి మళ్ళీ మళ్ళీ వేశారు. 2011 జనవరిలో హౌరాలో కనిపించిన కేసే చివరిది. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు.

మన హాస్టలు నీళ్ళట్యాంకు మూత సంగతీ ఈ లెక్కలోకే వస్తుంది. దాన్ని ఏ విద్యార్థీ తన అలవాటు మార్చుకుని బాగుచెయ్యలేడు.

కనుక యూనియన్ సెక్రటరీగారికి నా కోరిక ఇది: మొదటి సూది ఆగస్టులో, రెండోది సెప్టెంబరులో, మూడోది ఫిబ్రవరిలో పడేట్టు క్యాంపులు పెట్టించండి. మొదటిదానికి, మూడోదానికి మధ్య ఆరునెలలు సరిపోతాయి, పరీక్షలూ అడ్డురావు. క్యాంపు ముందురోజు రాత్రి పదింటికే లైట్లు తీయించమని వార్డెన్‌గారితో చెప్పండి. ఇక కుర్రాళ్ళు, చొక్కా చెయ్యి మడవడానికి బద్ధకించి పిరుదుకు వేయించుకోకండి. అక్కడి కొవ్వులో ఈ మందు సరిగా పనిచెయ్యదు, భుజానికే వేయించుకోవాలి.